కోత పండుగకి ఒక కుండీ

రిఫా, బహ్రెయిన్
7 మార్చి 1986

ప్రభువునందు ప్రియమైన వదినగారికి,

మరదలు తబితా వందనాలు. మా రూతు బుగ్గల మీద రెండు ముద్దులు పెట్టండి. మూడోది కూడా పంపిస్తున్నాను, అది మీరు దాచేసుకోకండి, దానికే.

"నా తమ్ముడికి అక్కకి నాలుగు ముక్కలు రాసే తీరిక లేదా" అని పోయిన ఉత్తరంలో దెప్పారు. తీరిక లేక కాదండీ, మొహం లేక రాయలేదు. ఇప్పుడు రోజులు బాగున్నాయి గనక చెబుతున్నాను. పోయిన ఏడాది ఇక్కడికొచ్చాక ఆయన నాటినవన్నీ చచ్చాయి. కడియపులంక నర్సరీ నుంచి మనిషిని రప్పించుకున్నానని మా యజమాని సాహెబు అందరికీ గొప్పగా చెప్పుకున్నాడా, రోజాలు మాడాయి, మందారాలు మాడాయి, చివరికి క్రోటన్లు కూడా. ఇక్కడి బోరు నీళ్ళు ఉప్పు. ఆయన ఎరువు మార్చారు, నీడ కట్టారు, తెల్లారకుండా లేచి మొక్క మొక్కకీ చెంబుతో మంచినీళ్ళు పోశారు. ఏదీ దక్కలేదు. అన్నం ముందు కూర్చుని చేతులు చూసుకునేవారు. "ఇంకో నెల చూస్తాను, తర్వాత ఇద్దరికీ టికెట్లు" అన్నాడు సాహెబు.

దేవుడు చూశాడు వదినా. పైఅంతస్తులో పెద్ద గది ఒకటి ఖాళీగా ఉంటే సాహెబు దానికి వెండి కాగితాలంటించి, దీపాలు పెట్టించి, ఏసీ వేయించి, "ఇదిగో నీ తోట" అన్నాడట. ఏవో మందు మొక్కలు. సాహెబు కంపెనీ వాళ్ళకి కావాలిట. గదిలో తోటేమిటండీ అని నేను నవ్వాను. నవ్విన నోరు మూయించారు మీ తమ్ముడు. అన్నీ బతికాయి! మళ్ళీ ఈల వేస్తూ మెట్లు దిగుతున్నారు. పెళ్ళయిన కొత్తలో వేసేవారే, ఆ ఈల.

నేను సాహెబు వంటింట్లో వంట చేసుకుంటూ క్షేమం. శుక్రవారం శుక్రవారం మనామాలో మన తెలుగువాళ్ళ ప్రార్థనకి వ్యానులో వెళ్తున్నాను. ఆయన మాత్రం పనుందంటూ రావడం మానేశారు. మీరు ఒక్క కేక వెయ్యండి.

మీ
తబితా


కడియపులంక
2 ఏప్రిల్ 1986

అమ్మాయీ తబితా,

మీ ఇద్దరికీ దీవెనలు. నీ మూడో ముద్దు నేనే తీసుకున్నాను, ఏం చేస్తావో చెయ్యి. రూతుకి పై పన్ను ఊడింది. ఊడిన పన్ను ఉత్తరంలో పెట్టి అమ్మకి పంపమని పేచీ. బహ్రెయిన్ పోస్టాఫీసు వాళ్ళు భయపడతారే అని బుజ్జగించి పడుకోబెట్టాను.

జీవాగాడి మొక్కలు బతికాయని చదివి మోకాళ్ళ మీద పడ్డాను. వాడి చెయ్యి అలాంటిది. అమ్మ పోయాక వాణ్ణి చంకనేసుకుని కూలికెళ్ళేదాన్ని కదా, గట్టు మీద కూర్చోబెడితే పుల్లా పుడకా గుచ్చి నీళ్ళు పోసేవాడు. అవీ చిగుర్లేసేవి. ప్రార్థన ఎందుకు ఎగ్గొడుతున్నాడో అడుగు. అక్క తన్నడానికి విమానం ఎక్కి రాదనుకుంటున్నాడేమో.

మన గుడిలో కోత పండుగ బ్రహ్మాండంగా జరిగింది. వరి పనలు, గుమ్మడికాయలు, కోళ్ళు, అరటి గెలలు, అన్నీ దుప్పటి మీద పరిచారు. వేలంపాటలో భీమన్న ఒక్క సొరకాయని కోడి ధరకి పాడి నవ్వించాడు. మీ ప్రార్థన వాళ్ళు కూడా కోత పండుగ చేస్తారని పోయిన ఏడాది రాశావు, కానీ అందరూ కొట్లో కొన్న బియ్యం సంచులు చీటీలు కూడా పీకకుండా తెచ్చి పెడతారన్నావు. చెవులు మూసుకున్నాను. కొన్నది కానుక ఎలా అవుతుందే? చేత్తో పండించింది, చేత్తో కోసింది, అదే కానుక. ఇప్పుడు నీ మొగుడికి తోట ఉంది. మొదటి పంట దేవుడిది. వాడు తేకపోతే నువ్వు తీసుకెళ్ళు. ఖాళీ చేతులతో మాత్రం ఆయన ఇంట్లో అడుగు పెట్టకు.

మీ వదిన
మార్తమ్మ


రిఫా
13 జూన్ 1986

ప్రభువునందు ప్రియమైన వదినగారికి,

వందనాలు. రూతు పన్ను మీరు పంపకపోతే పోయింది, కనీసం బోసి నవ్వు ఫోటో తీయించి పంపండి.

మీ తమ్ముణ్ణి అడిగాను. "అక్కకి చెప్పు, నేను గదిలోనే ప్రార్థన చేసుకుంటున్నానని" అన్నారు. ఆ గదిలోకి నన్ను రానివ్వరు. దుమ్ము పడుతుందిట, నేనేదో దుమ్ము మూట అయినట్టు! మొన్న కాఫీ మిషతో తొంగి చూశాను. వదినా, ఎంత బాగుందో! బయట ఎండకి కాకులు కూడా ఎగరడం లేదు, లోపల మన లంకలో శ్రావణమాసం. తలుపు దగ్గర వేలెడేసి పిల్ల మొక్కలు, మధ్యలో నడుమెత్తు, గోడ వారగా నా అంత ఎత్తు. గోడ వారవి కోసేసరికి మధ్యవి అందుకుంటాయి, వాటి వెనక పిల్లవి. మనకి ఏడాదికి రెండు పంటలంటే గొప్ప కదా, ఆయనకి ఎప్పుడూ కోతే. "ఎన్నో పంటండీ ఇది" అంటే లెక్క లేదన్నారు, నా వైపు చూడకుండా.

ఆకు అచ్చం గోగాకే అనుకోండి. వేళ్ళలా చీలి, అంచులు రంపం పళ్ళలా ఉంటుంది. కొసల్లో ముద్దగా పూత, ఆయన చొక్కాకి అంటుకొచ్చింది పట్టుకుంటే వేళ్ళకి బంకలా అంటుకుంటుంది. వాసన మాత్రం చెప్పలేను. ఆయన చొక్కాలు రెండుసార్లు ఉతికినా వదలదు. తలకెక్కే ఘాటు. మీకు మొక్కలు తెలుసు కదా, ఏమిటండీ అది? ఆయన్నడిగితే ఇంగ్లీషు పేరేదో చెప్పి తప్పించుకున్నారు.

కోత పండుగ ఇక్కడ సెప్టెంబరులో. ఇక్కడ కోతలేమున్నాయి గనక, మా ప్రార్థన నడిపే సత్యవేదంగారికి హాలు ఎప్పుడు దొరికితే అప్పుడే పండుగ. ఈసారి మాత్రం కోల్డ్ స్టోర్ అనే ఇక్కడి కిరాణా కొట్లో కొన్నది పట్టుకెళ్ళి తల దించుకోను. ఏం పట్టుకెళ్తానో ఆయనకే కాదు, మీకూ చెప్పను.

మీ
తబితా


కడియపులంక
4 జూలై 1986

ఒరేయ్ జీవా,

ఈ ఉత్తరం నీ పేరు మీద రాశాను. చదివి చింపెయ్యి. తబితా చేతికి ఇవ్వకు.

నీ పెళ్ళాం ఆకు ఎలా ఉంటుందో రాసింది. పూత ఎలా ఉంటుందో రాసింది. ఆ చొక్కా వాసన సంగతీ రాసింది. పాపం, అమాయకురాలు, ఏమిటండీ అది అని నన్ను అడిగింది. నువ్వు ఎవరికైనా ఇంగ్లీషు పేరు చెప్పగలవురా, నాకు చెప్పలేవు. నాన్న కండువా వాసన అది.

నువ్వప్పుడు చిన్నవాడివే, అయినా మర్చిపోయావంటే నమ్మను. లంకలో పాక వెనక నాన్న పెంచిన నాలుగు గంజాయి మొక్కలూ నేనే పీకి పొయ్యిలో పెట్టాను. నన్ను కొట్టాడు. తర్వాత వాకిట్లో కూర్చుని ఏడ్చాడు. బైరాగుల వెంట పోయినవాడు పోయాడు, గోదాట్లో పడ్డాడో, గంగలో కలిశాడో, ఈనాటికీ తెలీదు. అమ్మ ఆ దిగులుతోనే పోయింది. నువ్వు నా ఒళ్ళో పెరిగింది అందుకురా. అదే మొక్కకి నీళ్ళు పోస్తున్నావా?

ఆ దేశంలో దొరికితే ఏం చేస్తారో నాకు తెలీదు. నీకు తెలుసు. నీ పక్కన ఒక ఆడమనిషి ఉంది, ఇక్కడ ఒక పిల్ల ఉంది. వెంటనే వదిలెయ్యి. కూలి చేసుకుందాం, గంజి తాగుదాం. జవాబు రాయి.

అక్క


రిఫా
25 జూలై 1986

అక్కకి,

నువ్వు రాసింది నిజమే. మొదటి రోజు సాహెబు చిన్న కుండీ చేతిలో పెట్టగానే ఆకు నలిపి చూశాను. నాన్న గుర్తొచ్చాడు. చెయ్యి కడుక్కున్నాను. మర్నాడు నాటాను.

ఎందుకు నాటావంటే ఏం చెప్పను. ఏడాది పాటు నేను ముట్టుకున్నదల్లా చచ్చింది. నా చేతుల మీద నాకే అసహ్యం వేసింది. అక్కడ నలుగురూ నా చేతి గొప్ప చెప్పుకుంటుంటే ఇక్కడ ఒక్క క్రోటను బతికించుకోలేకపోయాను. ఆ గదిలో నాటిన మొదటి కొమ్మ వేరు పోసుకున్న రోజు నేను ఏడ్చాను. అది ఏ మొక్క అన్నది ఆ రోజు అడ్డం రాలేదు.

ఒక్క కోత అయ్యాక మానేస్తానని అనుకున్నాను. కానీ ఆ గదిలో మానడానికి చోటు లేదక్కా. మన పొలానికి కోత అవుతుంది, బీడు పడుతుంది, ఆవుల్ని తోలుతారు, మనిషి కూర్చుంటాడు. ఇక్కడ గోడ వారవి కోసేలోపు మధ్యవి పూతకొస్తాయి. అవి కోసేలోపు పిల్లవి లేస్తాయి. సాహెబు అలాగే కావాలన్నాడు, నేనే అలా అమర్చాను. ఏ రోజు ఆగినా ఏదో ఒకటి సగంలో ఉంటుంది. నవ్వుకుంటావేమో, వాటిని సగంలో వదిలెయ్యడం నాకు చేత కావడం లేదు. కోసినవి ఎటు పోతాయో నేను అడగను, ఆయన చెప్పడు.

మా పాస్‌పోర్టులు సాహెబు దగ్గరున్నాయి. నేను వెళ్తానంటే, "వెళ్ళు, నీ సంగతి పోలీసులకి చెప్పడం నాకు చిన్న పని" అని నవ్వుతూనే అన్నాడు. ఆయనది ఈ దేశం కాదు, సెప్టెంబరులో సెలవు మీద వాళ్ళ దేశం వెళ్తాడు. తిరిగొచ్చాక మమ్మల్ని పంపించేస్తానన్నాడు. క్రిస్మస్‌కి ఇంట్లో ఉంటాం. నీ కాళ్ళు పట్టుకుంటాను, అప్పటిదాకా తబితాకి చెప్పకు. దాని మొహంలో ఏదీ దాగదు. తెలిస్తే ప్రార్థనలో అందరి ముందూ ఏడ్చేస్తుంది. తెలియకపోవడమే దానికి క్షేమం.

జీవరాజు


కడియపులంక
13 ఆగస్టు 1986

అమ్మా తబితా,

కూర్చుని చదువు. నీ మొగుడు ఇంట్లో లేనప్పుడు చదువు.

నువ్వు నన్ను అడిగావు, ఏమిటండీ ఆ మొక్క అని. అది గంజాయి. నీ ఉత్తరం వచ్చిన రోజే నాకు తెలిసింది. వాడికి రాశాను, వాడు క్రిస్మస్ దాకా ఆగమన్నాడు. నీకు తెలియకపోవడమే క్షేమం అన్నాడు. నా తమ్ముడు అని నోరు మూసుకున్నాను.

నిన్న రాత్రి రూతుకి నీ ఉత్తరాలు చదివి వినిపిస్తుంటే చివరి ముక్క దగ్గర ఆగిపోయాను. కోత పండుగకి ఏం పట్టుకెళ్తావో చెప్పనన్నావు. ముందు చదివినప్పుడు ఏ మాగాయో పెట్టి పట్టుకెళ్తావనుకుని పోనిచ్చాను. అమ్మా, కొంపతీసి ఆ కుండీ కాదు కదా? చేత్తో పండించిందే కానుక అని నేనే కదా నీకు ఊదరగొట్టాను! నా మాట మర్చిపో. ఖాళీ చేతులతో వెళ్ళు. వేరే ఏమీ వద్దు, ఒట్టి చేతులు జోడించుకుని వెళ్ళు. ఆ గది గుమ్మం తొక్కకు. వాడి చొక్కాలు కూడా నువ్వు ఉతకకు.

ఇక్కడ గోదావరి పొంగుతోంది. నర్సరీ వాళ్ళు మొక్కలు గట్టుకెక్కిస్తున్నారు. దారి తెగేలోపు పోస్టులో వేస్తానని పక్కింటి ముత్తన్న గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నాడు. మిగతాది తర్వాత రాస్తాను. ఇది అందగానే ఒక్క ముక్క రాయి, నీ పుణ్యం ఉంటుంది.

మార్తమ్మ


మనామా
3 అక్టోబరు 1986

మార్తమ్మగారికి,

మీ ఆగస్టు ఉత్తరం మొన్న అందింది. కవరంతా బురద నీళ్ళ మరకలు. అక్కడ వరదలో మీరూ రూతూ క్షేమమని సత్యవేదంగారు ఎవరి ద్వారానో కనుక్కుని చెప్పారు. దేవునికి స్తోత్రం. నేనిప్పుడు వాళ్ళ ఇంట్లో ఉంటున్నాను.

ఇక్కడ కోత పండుగ సెప్టెంబరు పన్నెండున అయిపోయింది.

సాహెబు సెలవు మీద వెళ్ళాడు. శుక్రవారం పొద్దున్నే మీ తమ్ముడు స్నానానికి వెళ్ళారు. తాళంచెవి గది తలుపుకే ఉండిపోయింది. అన్నిట్లోకీ గుబురుగా ఉన్న కుండీ ఒకటి తీశాను. కేకు పెట్టెకి కట్టే ఎర్ర రిబ్బను కట్టాను. ముందే చూసేస్తే ముచ్చట ఉండదని పాత చీర ముక్క కప్పి వ్యాను ఎక్కాను. "ఏంటమ్మా ఆ వాసన" అని ఎవరో అంటే, "పండుగ వాసన" అన్నాను. అంత సంతోషంగా ఉన్నాను ఆ రోజు. మీ తమ్ముడి చేతి పంట దేవుని ముందు పెట్టి దీవించమని అడుగుదామనుకున్నాను.

వేలం సత్యవేదంగారే పాడిస్తారు. బియ్యం సంచులు, బిస్కెట్లు, నూనె డబ్బాలు అయ్యాక నా కుండీ బల్ల మీద పెట్టారు. "ఇన్నేళ్ళలో మొదటిసారి మన చేత్తో పండించిన కానుక వచ్చింది, చప్పట్లు కొట్టండి" అన్నారు. అందరూ కొట్టారు. చీర ముక్క తీయకముందే వెనక నుంచి ఎవరో ఒక దీనారు అన్నారు, ఇంకెవరో రెండు అన్నారు. తీశారు. ఆయన మన ఏజెన్సీ కొండల్లో కాంపౌండరుగా చేసినవారు, ఈ మొక్క ఎరిగినవారు. చూడగానే గుర్తుపట్టారు. మళ్ళీ కప్పేశారు. నా దగ్గరికి వచ్చి, "అమ్మా, ఇది ఎవరిచ్చారు? ఇలాగే కప్పి గబగబా ఇంటికి పట్టుకెళ్ళిపో, ఎవరికీ చూపించకు" అన్నారు. నాకు అర్థం కాలేదు. నా కానుక ఎందుకు వద్దంటున్నారని అడిగాను, అందరి ముందూ. అప్పుడు చెవిలో చెప్పారు.

హాలు కాపలా ఆయనా చూశాడు. హాలు మీదికి వస్తుందని భయపడి పోలీసులకి ఫోను చేశాడు. ఆయన్ని అనడానికి లేదు. నేను మెట్లు దిగేసరికి కింద పోలీసులున్నారు. కుండీ నా చేతుల్లోనే ఉంది.

కుండీ ఒకటి తక్కువైందని చూసుకుని, మీ తమ్ముడు టాక్సీ పట్టుకుని వచ్చారు. వీధి అవతల దిగడం నేను చూశాను. నన్నూ చూశారు, పోలీసుల్నీ చూశారు. అటు నుంచి అటే వెళ్ళిపోయి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. వెళ్ళిపోవాలని నేను కళ్ళతోనే చెప్పాను. ఆయన నడిచి వచ్చారు. నా చేతుల్లోంచి కుండీ తీసుకున్నారు. మొక్క కదలకుండా అడుగున చెయ్యి పెట్టి తీసుకుంటారే, అలాగే. "ఇది నాది. నాటింది నేను, పెంచింది నేను. ఈమెకి ఇదేంటో తెలీదు" అని వచ్చీ రాని హిందీలో అందరి ముందూ చెప్పారు. నా వైపు తిరిగి, "రిబ్బను బాగా కట్టావు" అన్నారు. ఆ రోజుకి అదే చివరి మాట.

పదేళ్ళు వేస్తారంటున్నారు. సత్యవేదంగారు, ఆయన భార్య, ప్రార్థన వాళ్ళందరూ నా తరఫున చెప్పి నన్ను బయట పడేశారు. సాహెబు తిరిగి రాలేదు, రాడు. నన్ను ఇండియా పంపించేస్తారట. ఒక్కసారి జైల్లో చూడనిచ్చారు. గదిలో అన్నీ పీకి తగలబెట్టారని చెప్పాను. చేతులు చూసుకున్నారు. తర్వాత, తలుపు దగ్గర పిల్లవి కూడానా అని అడిగారు. కోపం వచ్చింది. ఇంటికొచ్చి ఏడ్చాను.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను జూన్‌లో అడిగాను. జూలైలో మీకు తెలుసు. జూలైలో వరద లేదు, పోస్టు బాగానే నడిచింది. నన్ను కాపాడదామనే మీరిద్దరూ చెప్పలేదని నాకు తెలుసు. నేను ఏడుస్తానని చెప్పలేదు. ఇప్పుడు ఏడుస్తున్నాను కదండీ. ఒక్కమాట చెప్పి ఉంటే ఆయన కాళ్ళ మీద పడి అయినా ఆ గది మూయించి ఉండేదాన్ని. మూయించలేకపోయినా, ఆ కుండీ నా చేతులతో మోసుకెళ్ళేదాన్ని కాదు.

రూతు బట్టలు సర్ది ఉంచండి.

తబితా


కడియపులంక
8 ఫిబ్రవరి 1987

జీవా,

ఇది సత్యవేదంగారి ద్వారా నీకు చేరుతుందట. చేరుతుందనే రాస్తున్నాను.

తబితా నవంబరులో వచ్చింది. చిక్కిపోయింది. నా మీద అరుస్తుందని చూశాను, అరిచినా బాగుండేది. అన్నం పెడితే తింది, పడుకోమంటే పడుకుంది. "మీకు ముందే తెలుసు కదా వదినా" అని ఒక్కమాట అంది, అదీ పోట్లాటలా కాదు, ఏదో సందేహం తీర్చుకుంటున్నట్టు. తెలుసమ్మా అన్నాను. ఇంకేం అనగలను? నీ మాట విని చెప్పలేదు అనబోయి ఆగాను. నీ మీదికి నెట్టడం ఇష్టం లేకపోయింది. చెప్పకూడదనుకున్నది నేను కూడానూ.

మన నర్సరీ మడులన్నీ వరద ఒండ్రులో పూడిపోయాయి. మళ్ళీ వేస్తున్నారు. నీ అంటు కత్తి దూలంలో గుచ్చి వెళ్ళావు కదా, అక్కడే ఉంది. తుప్పు పట్టకుండా నూనె రాస్తున్నాను.

పోయిన ఆదివారం కోత పండుగ. ఎప్పుడూ నాకంటే ముందు నా గంప వెళ్ళేది. ఈసారి ఏదీ చేతికి రాలేదు. గుమ్మడికాయ కొయ్యబోయి మానేశాను. ఒట్టి చేతులతో వెళ్ళి వెనక వరసలో నిలబడ్డాను. "మార్తమ్మ ఏం తెచ్చింది" అని పాస్టరుగారు అలవాటుగా పిలిచారు. ఏమీ తేలేదండీ అన్నాను. గుడంతా వెనక్కి తిరిగి చూసింది. భీమన్న వేలం మధ్యలో ఆపేశాడు. ఆడపిల్లలకి ఇన్నేళ్ళుగా నేను నేర్పిన మాటలన్నీ ఆ వేళ నా మొహం మీదే పడ్డాయి. ఏడుపు ఆగలేదు, గుళ్ళోనే ఏడ్చాను.

నీమీద కోపంగా ఉందిరా. కుండీ చేతిలోంచి తీసుకున్నావని విన్నప్పటి నుంచి గర్వంగానూ ఉంది. రెండూ ఒకేసారి మొయ్యలేకపోతున్నాను. తిన్నావా, పడుకున్నావా, అవేవీ రాయక్కర్లేదు. బతికున్నానని ఒక్క ముక్క రాయి. నాకు కాకపోతే తబితాకి రాయి. నరసాపురంలో వాళ్ళ అన్న ఇంట్లో ఉంటుంది, చిరునామా కింద పెట్టాను.

నిన్న రూతుని తీసుకుని బస్సెక్కింది. నేను ఆపలేదు. ఏ నోటితో ఆపను? పిల్ల కిటికీలోంచి తల బయటపెట్టి నా చెయ్యి వదల్లేదు. కొత్త పన్ను వచ్చింది దానికి, సగం. "అత్తా, నాన్న ఎప్పుడొస్తాడు?" అంది. అబద్ధం ఆడితే నాలుక మీద వాత పెడతానని దానికి నేర్పింది నేనే. తబితా తల తిప్పుకుంది. బస్సు కదిలింది.

కోతలయ్యాక వస్తాడమ్మా, అన్నాను.

ఏ కోతలు అని పిల్ల అడగలేదురా.

అక్క